మలేరియా మందులకి లొంగకపోతే ఏది మేలు: మూడు మందులు కలిపి ఇవ్వడమా, మందు మార్చడమా, రకరకాలుగా పంచి ఇవ్వడమా?

మలేరియాల్లో బాగా ప్రమాదకరమైన ఫాల్సిపరం రకానికి ఇప్పుడిచ్చేది ఏసీటీ, అంటే ఆర్టిమిసినిన్ జాతి మందుకి తోడు ఇంకోటి కలిపి మూడు రోజుల కోర్సు. ఆర్టిమిసినిన్ పరాన్నజీవుల్ని చకచకా చంపేస్తుంది గానీ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్ళిపోతుంది, మిగిలిపోయినవాటి పని పట్టాల్సింది రోజుల తరబడి రక్తంలో ఉండే తోడు మందే. కంబోడియాలో పరాన్నజీవి కెల్చ్13 జీన్‌లో వచ్చిన మ్యుటేషన్లతో ఆర్టిమిసినిన్ పని నెమ్మదించింది, ఆ తర్వాత తోడుగా ఉన్న పైపెరాక్విన్ కూడా చేతులెత్తేసింది.

అలాంటి చోట మూడు మందులు కలపడమే కరెక్ట్ అంటాను. 2020లో వచ్చిన ట్రయల్ ఫలితాల్లో కంబోడియా, థాయ్‌లాండ్, వియత్నాం పేషెంట్లకి డైహైడ్రోఆర్టిమిసినిన్ (ఆర్టిమిసినిన్ జాతిదే), పైపెరాక్విన్ మాత్రమే ఇస్తే 42 రోజులకి నయమైంది 48 శాతం మందికే, దానికి మెఫ్లోక్విన్ కలిపితే 98 శాతం! వాంతులు కాస్త ఎక్కువ, మింగాల్సిన మాత్రలూ ఎక్కువే, అయినా సగం మందికి జబ్బు తిరగబెట్టడం కన్నా నయం కదా.

మందు మార్చడం కూడా పనికిరానిదేం కాదు. ఆఫ్రికాలోని మలావి 1993లో పాత మలేరియా మందు క్లోరోక్విన్ ఆపేస్తే కొన్నేళ్ళకి అక్కడి పరాన్నజీవులు మళ్ళీ దానికి లొంగడం మొదలుపెట్టాయి. కాకపోతే ఫెయిల్ అవుతోందని తేల్చి, గైడ్‌లైన్స్ మార్చి, కొత్త స్టాక్ ఊళ్ళకి చేరేసరికి రెసిస్టెన్స్ ఎప్పుడో పాకిపోయి ఉంటుంది, ఆ లోపల పోయేది ఎక్కువగా పసిపిల్లలే, అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోవడం నాకు నచ్చదు.

ఇక మూడోది, ఒకే టైంలో కొందరికి ఒక ఏసీటీ, కొందరికి ఇంకో ఏసీటీ ఇవ్వడం. ఇందులో నాకు బాగా నచ్చిన పాయింట్ ఏంటంటే తోడు మందు లుమెఫాంట్రిన్‌ని తట్టుకోడానికి పరాన్నజీవి పీఎఫ్ఎండీఆర్1 జీన్‌లో ఏ రూపం పనికొస్తుందో, ఇంకో తోడు మందు అమోడియాక్విన్ దగ్గర సరిగ్గా దానికి వ్యతిరేక రూపం కావాలి, అంటే ఒకదాన్ని తప్పించుకోబోయిన పరాన్నజీవి రెండోదానికి దొరికే ఛాన్స్ ఎక్కువ. స్టాక్ చూసుకోవడం, స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇవ్వడం తలనొప్పే, ఒప్పుకుంటా. కానీ రువాండా, ఉగాండాల్లో కెల్చ్13 మ్యుటేషన్లు ఇప్పటికే కనిపించాయి, కాబట్టి తోడు మందులు ఇంకా పనిచేస్తున్నప్పుడే ఆఫ్రికాలో ఇది మొదలెట్టాలి, మూడు మందుల కోర్సు రెడీగా పక్కన పెట్టుకోవాలి.

వీటిలో ఏది ఎంచుకున్నా ఒక్క చిన్న డోస్ ప్రైమాక్విన్ కలపడం మర్చిపోకూడదు, కిలో ఒంటి బరువుకి 0.25 మిల్లీగ్రాములు చాలు, రెసిస్టెన్స్ ఉన్న పరాన్నజీవి దోమలోకి ఎక్కకుండా ఆపేది అదే.