లంకా, దీవా?

కోనసీమలో రేవు దగ్గర నిలబడి "ఆ దీవికి వెళ్లాలి" అంటే పడవ నడిపే ఆయన మనల్ని ఎగాదిగా చూస్తాడు. అక్కడ అది లంక. ఊడిమూడిలంక, ఎదుర్లంక అని ఊళ్ల పేర్లలోనే ఉంది. నీటి మధ్య నేలకు తెలుగులో రెండు మాటలుండగా, గోదావరి జనం ఒకదాన్నే ఎంచుకున్నారు.

దీవి పుట్టుక తేటగా కనిపిస్తుంది. సంస్కృత ద్వీపం దాని మూలం: 'ద్వి', 'అప్' కలిస్తే రెండు వైపులా నీళ్లున్న చోటు. తమిళంలో అది తీవు. గుజరాత్ తీరాన డయ్యూ, హిందూ మహాసముద్రంలో మాల్దీవులు ఆ మాటనే మోస్తున్నాయి. సింహళద్వీపం అరబ్బుల నోట సెరెందీబ్ అయింది. 1754లో ఇంగ్లండు రచయిత హోరేస్ వాల్పోల్ ఆ పేరు పట్టుకుని, అనుకోకుండా దొరికే మేలుకు ఇంగ్లీషులో 'సెరెండిపిటీ' అనే మాట అల్లాడు.

లంక ఇంత బుద్ధిమంతురాలు కాదు. హిందీవారికి రావణుడి ఊరు. బెంగాలీలకు మిరపకాయ కూడా (అమెరికా ఖండం నుంచి పోర్చుగీసువారు తెచ్చిన మిరపకు ఈ పేరేమిటో!). సిలోన్ 1972లో శ్రీలంక అయింది. మనకు మాత్రం గోదావరి మేట వేసిన ఒండ్రు నేల, పొగాకు, కూరగాయలు, వరదొస్తే నీళ్లు చేరే వాకిళ్లు.

నా ఓటు లంకకే. అయితే కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ కూడా గోదావరి ఇసుకే, దాన్ని మాత్రం దీవి అంటాం. నది చుట్టుకుంటే లంక, సముద్రం చుట్టుకుంటే దీవి అనుకోవచ్చు. కృష్ణ పాయల నడుమనున్న దివిసీమ ఈ లెక్కకు లొంగదు.