మాంద్యంలో ట్రిప్: బాలీయా, శ్రీశైలమా?

ఆఫీసులో ఉద్యోగాల కోత అంటున్నా హైటెక్ సిటీలో సెలవుల ప్లాన్లు ఆగవు. 2009 మాంద్యంలోనూ ప్రపంచంలో విదేశీ పర్యటనలు తగ్గింది సుమారు 4 శాతమే.

ఖర్చు: బాలీకి ఇద్దరికి లక్ష దాటుతుంది, అదీ ఈఎంఐ మీదైతే ఫొటోలు పాతబడ్డా కిస్తీలు కడుతూనే ఉండాలి. శ్రీశైలానికి పెట్రోలు, ఒక గది.

శ్రమ: అక్కడ పాస్‌పోర్టు, వీసా. ఇక్కడ రాత్రి 9 లోపు మన్ననూరు చెక్‌పోస్టు దాటాలి, తర్వాత అడవి దారి మూసేస్తారు.

మనశ్శాంతి: బాలీ బీచ్‌లో కూర్చుని నేను చూసింది సముద్రాన్ని కాదు, మేనేజర్ మెయిల్ వచ్చిందా అని ఫోన్‌ని!

ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉంటే బాలీకే వెళ్లండి, ఆ మాత్రం టెన్షన్ డబ్బు తీరుస్తుంది. ఉద్యోగం ఊగుతున్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నా శ్రీశైలమే.