రూమ్ వాడు ముంచాడు, సాజిక్ గ్రౌండ్ తేల్చింది: లీ డేహో చివరి మ్యాచ్ కోసం బుసాన్ ట్రిప్

ముందే చెప్తున్నా, కొరియాలో బుసాన్‌కి లాంగ్ వీకెండ్‌లో వెళ్లేవాళ్లు యాప్‌లో కన్ఫర్మ్ అని వచ్చింది కదా అని నిశ్చింతగా ఉండకండి. 2022 అక్టోబర్ 8న కొరియా బేస్‌బాల్ స్టార్ లీ డేహో ఆఖరి మ్యాచ్ అని తేదీ తెలిసిన రోజే నేను అక్కడి సాజిక్ బేస్‌బాల్ గ్రౌండ్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఒక గెస్ట్‌హౌస్ బుక్ చేశా, రాత్రికి 60,000 వాన్, అప్పటి లెక్కన మన డబ్బుల్లో మూడున్నర వేలు. గురువారం సాయంత్రం ఓనర్ మెసేజ్ పెట్టాడు, డబుల్ బుకింగ్ అయింది, సారీ, క్యాన్సిల్ చేస్తున్నాం అని. పోనీలే, నిజంగానే అయ్యుంటుంది అనుకుని ఇంకో రూమ్ కోసం అదే యాప్ తెరిస్తే అదే రూమ్, అదే నీలం దుప్పటి ఫోటో, అదే రాత్రికి 1,80,000 వాన్! స్క్రీన్‌షాట్ తీసి కస్టమర్ కేర్‌కి పంపిస్తే వాళ్లు 60,000 తిరిగి ఇచ్చి, కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం అన్నారు. మీ చింత ఎవడికి కావాలి, నాకు రూమ్ కావాలి.

వాడి ధైర్యానికి కారణం ఉంది లెండి. 9న హంగుల్ డే, అంటే కొరియన్ లిపి పండగ, ఆదివారం పడిందని సోమవారం సెలవిచ్చారు, మరోపక్క బుసాన్ ఫిల్మ్ ఫెస్టివల్ నడుస్తోంది, హాంకాంగ్ హీరో టోనీ ల్యూంగ్ కూడా వచ్చాడు, పైగా లీ డేహో రిటైర్మెంట్. వారం తర్వాత 15న పక్కనే ఉన్న ఏషియాడ్ స్టేడియంలో బీటీఎస్ కచేరీ, దానికి రూమ్ రేట్లు ఎన్నో రెట్లు పెంచేశారని న్యూస్‌లో పెద్ద గొడవే జరిగింది. ఊరంతా పండగైతే గెస్ట్‌హౌస్ వాడికి రోజూ సంక్రాంతే.

చివరికి బుసాన్‌లోనే యోన్సాన్ ఏరియాలో ఒక మోటెల్ దొరికింది, 1,10,000 వాన్. అయితే శనివారం చెక్‌ఇన్ రాత్రి తొమ్మిది తర్వాతే. కొరియాలో మోటెల్స్ సంగతి తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, వీకెండ్ పగలంతా గంటల లెక్కన అద్దెకిస్తారు, మనలాంటి రాత్రి బేరం వాళ్లు ఆ తర్వాతే. లోపల ఊదా రంగు లైటు, మంచం మీద అద్దం, సిగరెట్ కంపు. మా ఆవిడ రూమంతా ఒకసారి చూసి, "ఏవండీ, ఇక్కడి ఫోటోలు మాత్రం అమ్మకి పంపకండి" అని చున్నీ దిండు మీద పరుచుకుని పడుకుంది. ఇంకేం మాట్లాడలేదు. అదే నాకు భయం వేసింది.

అసలు బేస్‌బాల్ పిచ్చి నాకు మా ఆఫీసు టీమ్‌లో సీనియర్ వల్ల పట్టింది. ఆయన పక్కా బుసాన్ మనిషి. డేహో ఆడే బుసాన్ టీమ్ లొట్టే జెయింట్స్ అంటే ప్రాణం, అవును, మన చోకోపై అమ్మే లొట్టేనే. ఇక్కడ టీములన్నీ కంపెనీ పేర్ల మీదే ఉంటాయి, మన పెనుకొండలో కార్లు చేసే కియాకి కూడా గ్వాంగ్జులో కియా టైగర్స్ అని టీముంది. ఈయన లంచ్ టైంలో రోజూ డేహోని తిట్టేవాడు. పరిగెత్తలేడు, డబుల్ ప్లే ఇస్తాడు, అంటే ఒక్క దెబ్బకి ఇద్దరు అవుట్, 2017లో తిరిగొచ్చినప్పుడు నాలుగేళ్లకి 1,500 కోట్ల వాన్ తీసుకున్నాడు, కప్పు మాత్రం తేలేదు అని. మ్యాచ్ టికెట్లు మాత్రం ఆన్‌లైన్‌లో తెరిచిన నిమిషంలోనే మా ముగ్గురికీ తీసేశాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు, చికెన్ నువ్వు కొను అన్నాడు. గ్రౌండ్ బయట ఒకడు నా టికెట్‌కి లక్షా యాభై వేల వాన్ ఇస్తానన్నాడు, మా ఆవిడ కళ్లు ఒక్క క్షణం మెరిశాయి, నేను చూడనట్టు నడిచా.

సియోల్ నుంచి కేటీఎక్స్ ఫాస్ట్ ట్రైన్ ఒక్కొక్కరికి 59,800 వాన్, రెండున్నర గంటల పైచిలుకు, హాయిగా జరిగిపోయింది. రాత్రి తొమ్మిది దాకా రూమ్ లేదు కాబట్టి బ్యాగులు లాకర్‌లో పడేసి (4,000 వాన్) మధ్యాహ్నం సుయోంగ్ దగ్గరున్న పాల్డో మార్కెట్‌కి వెళ్లాం. సముద్రం చూద్దామని మా ఆవిడ పట్టు, మార్కెట్ చూద్దామని నా పట్టు. డేహోకి మూడేళ్లప్పుడే నాన్న పోయాడు, నానమ్మ ఈ మార్కెట్‌లోనే దెన్‌జాంగ్, అదే సోయాబీన్ ముద్ద, ఊరబెట్టిన సోయా ఆకులు లాంటివి అమ్మి పెంచింది. అదే సుయోంగ్ స్కూల్లో క్లాస్‌మేట్ చూ షిన్‌సూ, తర్వాత అమెరికా మేజర్ లీగ్‌లో స్టార్ అయినవాడు, డేహోని బేస్‌బాల్‌లోకి లాగాడు. ఇదంతా చెప్తే "అయితే మాత్రం మార్కెట్‌లో ఏం కనిపిస్తుంది" అంది. మా ఆవిడ పంది, గొడ్డు మాంసం ముట్టదు, బుసాన్‌లో ఎక్కడ చూసినా పంది మాంసం సూప్‌లో అన్నం వేసిన గుక్‌బాపే, ఆకలి కోపం అప్పటికే మొదలైంది.

ఒక సందులో నాలుగు టేబుళ్ల హోటల్. బార్లీ అన్నం, దెన్‌జాంగ్ పులుసు, ఏడెనిమిది చిన్న గిన్నెల్లో కూరలు, మనిషికి 7,000 వాన్. అందులో ఒక గిన్నెలో పసుపు రంగు తిరిగిన ఆకులు, ఒకదాని మీద ఒకటి దొంతర పెట్టి దారంతో కట్టినవి. సోయా ఆకులు, దెన్‌జాంగ్‌లో నెలల తరబడి ఊరబెడతారట, బుసాన్ చుట్టుపక్కల ఈ గ్యోంగ్‌సాంగ్ వైపే ఎక్కువ తింటారు. చాప్‌స్టిక్‌తో ఒక ఆకు విడదీసి వేడి అన్నం మీద కప్పి నోట్లో పెట్టుకుంటే ఉప్పగా, ఘాటుగా, ఊరిన గోంగూర తిన్నట్టే ఉంది. మా ఆవిడ మాట్లాడకుండా రెండో గిన్నె అన్నం అడిగింది. మేం బేస్‌బాల్‌కి వచ్చామని, డేహో కోసమని వచ్చీరాని కొరియన్‌లో చెప్పగానే హోటల్ పెద్దావిడ లోపలికెళ్లి ఇంకో దొంతర ఆకులు తెచ్చి పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. వెయ్యి కిలోమీటర్లు తిరిగినా దొరకని భోజనం, ఆ గెస్ట్‌హౌస్ వాడి పుణ్యమా అని దొరికింది అంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. "వాడి పేరెత్తకండి" అంది.

సుయోంగ్ నుంచి మూడో లైన్ ఎక్కితే నేరుగా గ్రౌండ్. బయట ఛే డోంగ్‌వన్ విగ్రహం, 1984 కొరియన్ సిరీస్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, ఒక్కడే నాలుగు మ్యాచ్‌లు గెలిపించిన లొట్టే పిచర్, మన బౌలర్ లాంటివాడు. ఆయన 11 నంబర్ తర్వాత లొట్టే ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేసింది డేహో 10 నంబరే. మన సచిన్‌దీ పదే కదా అని నేను అంటే సీనియర్ ఎవరాయన అన్నాడు. ఆ విషయం మీద మాట్లాడుకోవడం ఆపేశాం.

లోపల 22,990 సీట్లూ ఫుల్. ఆ ఏడాది ఏప్రిల్ దాకా కరోనా వల్ల గట్టిగా అరవనిచ్చేవాళ్లు కాదు, ఆ బాకీ అంతా ఆ రోజు వడ్డీతో తీర్చుకున్నారు. లొట్టే అప్పటికే ఎనిమిదో స్థానంలో ఖాయం, మ్యాచ్‌కి విలువేం లేదు. అయినా మొదటి ఇన్నింగ్స్‌లోనే డేహో డబుల్ కొట్టి రన్ తెచ్చాడు, ఆరడుగుల నాలుగంగుళాల మనిషి రొప్పుకుంటూ సెకండ్ బేస్ చేరుతుంటే పక్కన సీనియర్ "పరిగెత్తు పంది" అని ప్రేమగా తిడుతున్నాడు. నలభై ఏళ్ల వయసులో ఆ సీజన్ సగటు .331, 23 హోమర్లు (మన సిక్సర్ల లాంటివి), 101 ఆర్‌బీఐ, అంటే తన బ్యాట్‌తో తెచ్చిన రన్లు. ఇంకా రెండేళ్లు ఆడగలిగినవాడు ఆగిపోతున్నాడన్నదే అందరి బాధ. 2010లో ఇదే మనిషి తొమ్మిది మ్యాచ్‌లు వరసగా హోమర్ కొట్టాడు, ఎనిమిది బ్యాటింగ్ టైటిళ్లలో ఏడు తీసుకున్నాడు, మిగిలిందొక్కటే, బేస్ దొంగతనం, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే తర్వాతి బేస్‌కి పరిగెత్తడం, అది ఈయన వల్ల కాదని మీకూ అర్థమయ్యే ఉంటుంది. జపాన్‌లో 2015 జపాన్ సిరీస్ ఫైనల్‌కి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు), 2016లో అమెరికాలో సియాటిల్ టీముకి 14 హోమర్లు. లొట్టేతో మాత్రం కప్పు లేదు, వాళ్లు ఆఖరుసారి గెలిచింది 1992.

ఎనిమిదో ఇన్నింగ్స్. ఉన్నట్టుండి డేహో బంతి పట్టుకుని పిచర్ నిలబడే దిబ్బ, అదే మౌండ్ మీదికి నడిచాడు. మా ఆవిడకి అర్థం కాక "ఏమైంది, దెబ్బ తగిలిందా" అంటోంది, సీనియర్ లేచి రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. డేహో 2001లో లొట్టేలో చేరింది పిచర్‌గానే, భుజం పాడై బ్యాటర్ అయ్యాడు. అటు ప్రత్యర్థి ఎల్‌జీ ట్విన్స్ కూడా తక్కువ తినలేదు, ఆ సీజన్‌లో 42 సేవ్‌లు చేసిన క్లోజర్, అంటే ఆఖర్లో వచ్చి గెలుపు కాపాడే పిచర్, గో ఊసక్‌కి హెల్మెట్ పెట్టి బ్యాట్ ఇచ్చి పంపింది. పిచర్ బ్యాటింగ్, బ్యాటర్ పిచింగ్, స్టేడియం అంతా నవ్వులు. గో గట్టిగానే కొట్టాడు, బంతి నేరుగా మౌండ్ మీదికే వస్తే డేహో ఒడిసిపట్టి ఫస్ట్ బేస్‌కి విసిరాడు, అవుట్. పరిగెత్తలేడని పదేళ్లు తిట్టిన మా సీనియర్ ఏడుస్తున్నాడు, ముక్కు తుడుచుకోవడానికి నా చికెన్ టిష్యూ లాక్కున్నాడు. 3-2తో గెలిచారు, డేహో ఖాతాలో హోల్డ్, అంటే ఆధిక్యం కాపాడిన పిచర్‌కి ఇచ్చే లెక్క, పడింది.

తర్వాత వేడుక. ఆ రోజు తన తండ్రి వర్ధంతి కూడా అని డేహో చెప్పినప్పుడు అంతమందీ ఒక్కసారి గమ్మునైపోయారు. నానమ్మని తలుచుకున్నాడు. చివర్లో ఇక బ్యాట్, గ్లవ్ వదిలేసి బీరు, చికెన్ పట్టుకుని పిల్లలతో స్టాండ్‌లోకి వచ్చేస్తానన్నాడు. మా ఆవిడకి ఒక్క ముక్క భాష రాదు, అయినా కళ్లు తుడుచుకుంది, అడిగితే ఏసీ అంది. ఓపెన్ గ్రౌండ్‌లో ఏసీ!

మర్నాడు హేఉందే బీచ్, జనం తప్ప ఇసుక కనిపించలేదు. గామ్‌చోన్ రంగుల ఇళ్లు ఫోటోలకి బావుంటాయి, మెట్లెక్కలేనివాళ్లు వద్దు. నాంపోలో గింజలు కూరిన తీపి రొట్టె హొత్తోక్ అప్పట్లో 2,000 వాన్, ఇది మాత్రం రెండు తినండి.

ఇద్దరికీ మొత్తం రైళ్లు, రూమ్, తిండి, సబ్‌వే, టాక్సీలు కలిపి 4,64,000 వాన్ దాటింది, 27 వేల రూపాయలు వేసుకోండి. సాజిక్ 1985 నాటి గ్రౌండ్, సీట్లు ఇరుకు, ఆడవాళ్ల టాయిలెట్ క్యూ చూసి మా ఆవిడ మంచినీళ్లు తాగడం మానేసింది. అయినా బుసాన్ వెళ్తే ఒక మ్యాచ్ చూడండి. అవుట్‌ఫీల్డ్ సీట్లు చాలు, బంతి దొరికితే పక్కనున్న పిల్లలకి ఇచ్చేయండి, లేదంటే సెక్షన్ మొత్తం మీ మీద అరుస్తుంది. చికెన్ బయటే కొనుక్కెళ్లండి, లోపల క్యూలో నిలబడితే ఒక ఇన్నింగ్స్ పోతుంది.