ద్వేష బెదిరింపుకు శిక్ష: పట్టిక ప్రకారమా, జడ్జి విచక్షణతోనా?

అమెరికాలో రాష్ట్రం దాటి ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో చంపుతానని బెదిరిస్తే ఫెడరల్ చట్టం కింద 5 ఏళ్ల దాకా జైలు. శిక్ష లెక్కగట్టే పట్టిక 1987లో అమల్లోకి వచ్చింది. 2005లో సుప్రీంకోర్టు బూకర్ తీర్పుతో అది జడ్జికి సలహాగా మారింది.

పట్టిక: బెదిరింపుకు సాధారణంగా 12వ లెవెల్ (లెవెల్ అంటే నేర తీవ్రతను చూపే అంకె). జాతి ద్వేషం రుజువైతే ఇంకో 3 లెవెళ్లు. పాత కేసులు లేనివారికి 10–16 నెలలు కాస్తా 18–24 అవుతాయి.
విచక్షణ: ఆ పరిధిని జడ్జి దాటవచ్చు, కారణం చెప్పాలి.

పట్టిక రిస్క్ పాత కేసుల గడిలో ఉంది. అదే మాట, అదే ద్వేషం. కానీ పాత శిక్షలను బట్టి పెట్టే వర్గాల్లో మూడోదానిలో పడితే 24–30 నెలలు. నల్లజాతి పేటల్లో పోలీసుల తనిఖీలు ఎక్కువ, అందుకే చిన్న చిన్న కేసులూ ఎక్కువ. పట్టికలో రంగు అనే మాటే లేదు, కానీ దాని బరువు ఉంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

విచక్షణ రిస్క్ మనిషి మనసులో ఉంది. ఈ పట్టికను తయారుచేసే ఫెడరల్ సంస్థ అయిన శిక్షల కమిషన్ 2017 నివేదిక ప్రకారం, అన్ని ఫెడరల్ నేరాలనూ కలిపి చూస్తే, ఒకే రకం పరిస్థితుల్లోని తెల్లజాతి పురుషులకన్నా నల్లజాతి పురుషులకు సగటున 19.1 శాతం ఎక్కువ శిక్ష పడింది.

పాత రికార్డు చిన్న నేరాలతో ఉబ్బిపోయిన ముద్దాయికి విచక్షణే మేలు. ఒకే జిల్లాలో జడ్జికో తీరుగా శిక్షలు పడుతుంటే పట్టికకు దగ్గరగా ఉండటమే నయం.