స్టీవర్ట్ ఐలాండ్‌లో మూడు రోజులు, ఒక పూట ఎలుకల బోన్లు

"సెలవు పెట్టి మరీ ఎలుకల్ని చంపడానికి వెళ్తున్నావా? వినాయకుడి వాహనంరా అది!" అని ఫోన్లో అమ్మ ఒకటే నవ్వు. న్యూజిలాండ్ దక్షిణాన ఇన్వర్‌కార్గిల్‌లో రెండేళ్ళుగా ఉంటూ పక్కనున్న స్టీవర్ట్ ఐలాండ్ చూడకపోవడం నా బద్ధకమే. అక్కడ హాఫ్‌మూన్ బే చుట్టూ పక్షుల్ని ఎలుకల నుంచి కాపాడటానికి ఊరివాళ్ళే ట్రస్టు పెట్టుకుని బోన్లు చూసుకుంటున్నారని, ఒక పూట సాయానికి వస్తామంటే రమ్మంటారని ఆఫీసులో ఒకాయన చెప్పాక కదిలాను.

బ్లఫ్ నుంచి ఫెర్రీలో అయితే గంట, ఇన్వర్‌కార్గిల్ నుంచి చిన్న విమానంలో అయితే 20 నిమిషాలు. వెళ్ళేటప్పుడు ఫెర్రీ ఎక్కాను. దారిలో వచ్చే ఫోవో జలసంధి అలలు కడుపులో తిప్పేస్తాయని చెప్పుకునేదంతా నిజమే. వాంతుల మాత్ర వేసుకోండి, కడుపు నిండా తిని మాత్రం ఎక్కకండి. వచ్చేటప్పుడు విమానం. సామాను తక్కువ ఉంటే నా ఓటు దానికే.

దీవి మొత్తానికి ఊరు ఓబన్ ఒక్కటే, జనం నాలుగు వందల పైచిలుకు. చవకగా దొరికిందని తీసుకున్న మొదటి గదిలో హీటర్ గంటకోసారి ఆగిపోయేది, మళ్ళీ వేయాలంటే అదనంగా డబ్బు. ఇక్కడ కరెంటు డీజిల్ జనరేటర్లతో వస్తుంది కాబట్టి ఖరీదెక్కువ, ఒప్పుకుంటాను. ఆ ముక్క బుకింగ్ అప్పుడే చెప్పాలి కదా! మర్నాడు కొండ మీద క్యాబిన్‌కి మారాను. కట్టెల పొయ్యి, చిన్న వంటగది, పొద్దున్నే రెయిలింగ్ మీద వాలి అరిచే కాకా చిలుకలు. అద్దె ఎక్కువైనా ఏడవలేదు. పచ్చిమిర్చి మీద ఆశ పెట్టుకోకండి, ఆవకాయ పట్టుకెళ్ళండి.

ఇక బోన్ల సంగతి. నన్ను తీసుకెళ్ళినావిడకి డెబ్బై ఏళ్ళు ఉంటాయి, నడకలో నేను అందుకోలేకపోయాను. ఒక్కో బోను పొడవాటి చెక్కపెట్టె. రెండు వరసల జాలీ, వాటి కన్నాలు ఎదురెదురుగా ఉండవు. ఎలుక వంకర తిరిగి లోపలికి దూరుతుంది, వెకా లాంటి నేల పక్షి దూరలేదు. లోపల స్టీలు స్ప్రింగు ట్రాపు. ఎరగా పీనట్ బటర్. మా ఇంట్లో అయితే ఎండురొయ్య గుచ్చేవాళ్ళం. మూత తీసి, బూజు దులిపి, పాత ఎర గీకేసి, కొత్తది రాసి, స్ప్రింగు లాగి కొక్కెం వేయాలి. మొదటిసారి నా చేతులు వణికాయి. "వేళ్ళు లెక్కపెట్టుకున్నావా?" అని ఆవిడ సీరియస్‌గా అడిగింది. ఇరవై రెండు పెట్టెల్లో మూడు ఎలుకలు. ఒకటి చచ్చి చాలా రోజులైనట్టుంది, ఆ వాసన గురించి రాయను. ఏ పెట్టెలో ఏం పడిందో అక్కడికక్కడే ఫోన్‌లో ఎక్కించాలి.

గబ్బిలాలు తప్ప నేల మీద తిరిగే క్షీరదాలే లేని న్యూజిలాండ్‌లో పెరిగిన పక్షులివి, చాలావరకు నేల మీదే గూడు కడతాయి. ఈ దీవికి స్టోట్‌లు (ముంగిసలా సన్నగా ఉండే వేటజంతువులు) రాలేదు, అదొక అదృష్టం. ఎలుకలు, పోసమ్‌లు (పిల్లి సైజులో చెట్లెక్కే జంతువులు), అడవి పిల్లులు మాత్రం ఉన్నాయి. మేము నడిచిన ఆకర్స్ పాయింట్ దగ్గర నీలి పెంగ్విన్లు బొరియల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి.

మూడో రోజు వాటర్ టాక్సీలో పక్కనే ఉన్న చిన్న ఉల్వా దీవికి వెళ్ళాను. 1997లో అక్కడ ఎలుకలు పూర్తిగా పోయాయి, 2023లో మళ్ళీ దూరాయి. అందుకే పడవ ఎక్కేముందు బ్యాగు జిప్పులన్నీ తీసి, బూట్ల మట్టి దులుపుకోవాలి. విసుక్కోకండి. దిగాక కాలితో ఎండుటాకులు కాస్త కదిపితే చాలు, రాబిన్ పిట్ట ఎగిరొచ్చి బూటు పక్కనే పురుగులు ఏరుకుంటుంది. ఒకటి నా లేసు పీకి చూసింది కూడా.

బోన్ల పనికి వెళ్ళేవాళ్ళు ముందే మాట్లాడుకుని వెళ్ళండి, రబ్బరు బూట్లు, పాత ప్యాంటు పెట్టుకోండి. నాది ఇంకా పీనట్ బటర్ మరకతోనే ఉంది.