బకెట్టు వేడినీళ్లకు నలభై రూపాయలు: పెన్‌గంగ పక్కన ఉన్కేశ్వర్ దాకా నడక

మహారాష్ట్రలోని కిన్వట్‌లో లాడ్జి తీసుకునేవాళ్లు ముందు ఒక్క మాట అడగండి: వేడినీళ్లు అద్దెలో కలిసి ఉన్నాయా, లేవా? మేము ఫోన్‌లో గది గురించి అడిగాం, ఏసీ వద్దన్నాం, నలుగురం అని కూడా చెప్పాం. 1,200 అన్నారు. తీరా రాత్రి ఎనిమిదింటికి సామాన్లతో వెళ్లి నిలబడితే 1,500 అయింది. ఎందుకంటే సీజనట. సరే అన్నాం. పరుపు ఒక్కోదానికి 200 చొప్పున రెండింటికి 400. దానికీ సరే అన్నాం, ఎందుకంటే మా అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని అప్పటికే మెట్ల మీద కూర్చుంది. గదిలో గీజర్ ఉంది, దానికి వైరు లేదు. పొద్దున అడిగితే కింద కట్టెల బాయిలర్ నుంచి పిల్లోడు తెచ్చిస్తాడన్నారు. తెచ్చాడు. గది ఖాళీ చేసేటప్పుడు బిల్లులో "గరం పానీ 4 × 40 = 160" అని రాసి ఉంది. మొత్తం 2,060.

ఇందులో నన్ను మండించింది డబ్బు కాదు. కౌంటర్‌లో ఉన్నాయన అచ్చమైన తెలుగులో "మీరు మా ఆదిలాబాద్ వాళ్లే కదా అన్నా, మీ దగ్గర ఎక్కువ తీసుకుంటామా" అంటూనే రాశాడు. పైగా మేము పోయేది ఎక్కడికి? భూమిలోంచి వేడినీళ్లు వాటంతటవే ఉబికి వచ్చే ఊరికి! మా ఆవిడ అక్కడి నుంచి మధ్యాహ్నం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు, లాడ్జి బుక్ చేసింది తన తమ్ముడైనా సరే.

ఉన్కేశ్వర్ నాందేడ్ జిల్లా కిన్వట్ తాలూకాలో, పెన్‌గంగ ఒడ్డున ఉంటుంది. అవతలి ఒడ్డు యవత్మాల్ జిల్లా, అంటే విదర్భ. శివాలయం, పక్కనే వేడినీళ్ల కుండాలు. శరభంగ మహర్షికి కుష్ఠు వ్యాధి వస్తే రాముడు బాణం వేసి ఈ నీళ్లు రప్పించాడని స్థలపురాణం. చర్మరోగాలు పోతాయని ఇప్పటికీ జనం వస్తారు. చాలామంది నేరుగా బండిలో దిగి, మునిగి, దర్శనం చేసుకుని వెళ్లిపోతారు. మేము మాత్రం కొంత దూరం షేర్ జీపులో వెళ్లి (తలకు 30) నది కనిపించే ఒక ఊళ్లో దిగి, మిగతాది ఒడ్డు వెంట నడవాలనుకున్నాం. ఈ ఆలోచన బావమరిదిది, వాడికి వీడియోలు కావాలి. అత్తమ్మను మాత్రం 700కు ఆటో మాట్లాడి నేరుగా పంపించాం. ఆ 700 ఈ ప్రయాణంలో అన్నింటికంటే సరిగ్గా ఖర్చుపెట్టిన డబ్బు. ఆటో అబ్బాయి ఆమెను గుడి దాకా దింపి, సంచి మోసి, చేరాక మాకు ఫోన్ కూడా చేశాడు.

దారి అంటే బోర్డులున్న దారి కాదు. పశువులు నడిచిన బాట, మోటార్ల పైపుల పక్కన గట్టు, మధ్యలో పత్తిచేలు. డిసెంబర్ కాబట్టి పత్తి తీత నడుస్తోంది, ఎక్కడ చూసినా నడుముకు చీర కట్టుకుని పత్తి ఏరే ఆడవాళ్లే. నీళ్లు పెట్టిన చేనులో మాత్రం కాలు పెట్టకండి, నల్లరేగడి చెప్పులకు అంటుకుని ఒక్కో కాలు రెండేసి కిలోలు తూగుతుంది. పొద్దున ఏడింటికి నది మీద పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి ఒడ్డు లేనట్టే అనిపించింది. ఆ చలి ఆదిలాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండ ఎక్కాక టేకుచెట్లు, బండలు, పాయలుగా పారే నీళ్లు. ఒక వాగు దాటేటప్పుడు నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, మా ఆవిడ చెప్పులు చేతబట్టుకుని అందరికంటే ముందు దాటేసి, అవతల నిలబడి మమ్మల్ని చూసి మొదటిసారి నవ్వింది.

మేకలు కాసే ఒక ముసలాయన్ని ఇంకా ఎంత దూరమని మరాఠీలో అడిగితే తెలుగులో జవాబిచ్చాడు. "గింతే బిడ్డా, బీడీ అయిపోయేలోపు పోతరు." ఆయన బీడీ రెండు గంటలు కాలింది. అయినా ఆయన మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే కూర్చోబెట్టి కబుర్లు చెప్పాడు. కిన్వట్ ఒకప్పుడు మన ఆదిలాబాద్ జిల్లాలోదే, 1956లో రాష్ట్రాల పునర్విభజనప్పుడు ఇటు వచ్చింది. వాళ్ల నాయన భూమి కాగితాల కోసం ఆదిలాబాద్ కచేరీకి ఎడ్లబండిలో వెళ్లేవాడట. ఇప్పటికీ ఈ ఊళ్లలో తెలుగు, మరాఠీ, గోండి, లంబాడీ ఒకే బజారులో వినిపిస్తాయి. ఆయన తెలుగుకు, లాడ్జి కౌంటర్ తెలుగుకు ఎంత తేడా!

మేము చేరేసరికి అత్తమ్మ స్నానం, దర్శనం, భోజనం మూడూ ముగించి చెట్టుకింద పడుకుని ఉంది. "ఇప్పుడొచ్చిన్రా?" అని మాత్రం అంది.

కుండంలో కాలు పెట్టగానే చురుక్కుమంటుంది. వెంటనే తీసేయకుండా కాసేపు ఆగితే ఒళ్లు అలవాటు పడుతుంది, ఆ తర్వాత బయటికి రాబుద్ధి కాదు. గంధకం వాసన లీలగా ఉంటుంది. బావమరిది కింద అగ్నిపర్వతం ఉందని వీడియోలో చెప్పబోతుంటే ఆపాను. అలాంటిదేం లేదు. వాన నీరు రాతి పగుళ్లలోంచి బాగా లోతుకు దిగి, లోపలి వేడికి కాగి, వేరే పగులు దొరికిన చోట పైకి వస్తుంది, అంతే. వెండి పట్టీలు, ఉంగరాలు ముందే తీసి దాచుకోండి, గంధకానికి నల్లబడతాయి. మా ఆవిడ పట్టీలు తీసింది, మెట్టెలు తీయనంది, ఇప్పుడు వాటిని చింతపండు పెట్టి తోముతోంది. బీపీ ఉన్నవాళ్లు ఎక్కువసేపు కూర్చోవద్దు, లేవగానే కళ్లు తిరుగుతాయి. చర్మరోగాలు పోతాయా అంటే నేను డాక్టర్ని కాదు. నడిచిన కాళ్ల నొప్పులు మాత్రం పోయాయి. దీనికి ఎవరూ బిల్లు రాయలేదు.

ఇక తిండి. గుడి దారిలో రేకుల షెడ్డు కింద ఒక పెద్దామె రొట్టెలు చేస్తోంది. రెండు జొన్నరొట్టెలు, వేడి వేడి పిట్ల (శనగపిండి కూర), పచ్చిమిర్చి పల్లీల ఠేచా, నలిపిన ఉల్లిగడ్డ, 60 రూపాయలు. రొట్టె చేతుల మీదే తట్టి కట్టెల పొయ్యి మీద కాల్చి, పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వేస్తుంది. ఠేచా తిన్నాక బావమరిది ఫోన్ పక్కనపెట్టాడు, అదీ దాని ఘాటు. మూడో రొట్టె అడిగితే వేసింది, దానికి డబ్బు లెక్కపెట్టలేదు. మేము ఇవ్వబోతే "రొట్టెకేం పైసలు" అని మరాఠీలో కసిరింది. అక్కడ ఫోన్‌పే పనిచేయదు, నెట్ సిగ్నల్ రాదు, చిల్లర తీసుకెళ్లండి. అన్నమే కావాలనే వాళ్లు ఇంటి నుంచి కట్టుకుని రండి. నేనైతే ఆ రొట్టె కోసమే మళ్లీ వెళ్తాను.

నవంబర్ నుంచి జనవరి దాకా వెళ్లండి. ఏప్రిల్ వచ్చేసరికి నదిలో ఇసుకే మిగులుతుంది, ఆ ఎండలో వేడినీళ్ల స్నానం ఎవరికి కావాలి? వానాకాలంలో ఒడ్డు నడక మాట మర్చిపోండి, పెన్‌గంగ ఎప్పుడు ఎంత పొంగుతుందో ఆ ఊళ్లవాళ్లే చెప్పలేరు. శివరాత్రికి గుడి దగ్గర ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. ఆడవాళ్లకు మహారాష్ట్ర ఎర్ర బస్సుల్లో సగం టికెట్, సరిహద్దు దాటాక మన పల్లెవెలుగులో ఉచితం, ఆధార్ కార్డు దగ్గరుంచుకోవాలి. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి అత్తమ్మ మాహూర్ రేణుక తల్లి దగ్గరికి ఎప్పుడు పోదామని అడుగుతోంది.

సాయంత్రం నాలుగు దాటితే వాపసు షేర్ జీపులు నమ్ముకోవద్దు. మాకు దొరికింది పత్తి బస్తాల బొలెరో. అత్తమ్మ ముందు సీట్లో, మేము ముగ్గురం వెనక బస్తాల మీద. కిన్వట్ దాకా తలకు 30 తీసుకున్నాడు, అత్తమ్మ దగ్గర తీసుకోలేదు.