రెడీమేడ్ రుబీడియం సెల్: ఏళ్ల తరబడి వాడాక నా మాట

అల్ట్రాకోల్డ్ ఆటమ్స్ (పరమ శూన్య ఉష్ణోగ్రతకి దగ్గరగా చల్లబరిచిన పరమాణువులు) మీద ల్యాబ్ పెట్టుకునేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే, రుబీడియం పరమాణువుల్ని ఉంచే, గాలి తీసేసిన చిన్న పాత్ర, అంటే వాక్యూమ్ సెల్ కొనాలా, సొంతంగా కట్టుకోవాలా అని. కొనండి.

కట్టుకోవడమంటే ఎంత పనో చేసినవాళ్లకే తెలుసు. స్టీల్ చాంబర్ బిగించి, హీటింగ్ టేపులు చుట్టి, పైన అల్యూమినియం ఫాయిల్ కప్పి లోపల అంటుకున్న వాయువులు పోయేలా రోజుల తరబడి బేక్ చేయాలి, తర్వాత హీలియంతో లీకులు వెతకాలి, ఒక్క గాస్కెట్ సరిగ్గా కూర్చోకపోయినా మళ్లీ మొదటికే. సీల్ చేసి వచ్చే గాజు సెల్‌తో ఇదంతా తప్పింది. పైభాగంలో ఉండే ఆటమ్ చిప్ (సన్నని తీగలు ముద్రించిన పలక) తీగలు పరమాణువులకు బాగా దగ్గర కాబట్టి కొద్ది ఆంపియర్లకే అయస్కాంత ఉచ్చు గట్టిగా బిగుస్తుంది, కండెన్సేట్ (పరమాణువులన్నీ ఒకే అలలా ప్రవర్తించే అతిశీతల స్థితి) కొన్ని సెకన్లలో వచ్చేస్తుంది. 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో శాస్త్రవేత్తలు కార్నెల్, వీమన్ 170 నానోకెల్విన్ దగ్గర మొదటిసారి సాధించింది ఇదే. అదే ఊళ్లో 2007లో పుట్టిన కోల్డ్‌క్వాంటా కంపెనీ దీనికి కావాల్సిన సెల్స్‌ని అమ్మే సరుకుగా మార్చింది. మాది వేరే కంపెనీది, కానీ ఆ దారి వేసింది వాళ్లే.

అయితే పెట్టెలో వచ్చేది సెల్ మాత్రమే. అసలు టెన్షన్ పరమాణువుల్ని చల్లబరిచే 780 నానోమీటర్ల లేజర్లతో. ఏసీ వేసిన కాసేపటికి ఫైబర్‌లో పోలరైజేషన్ (కాంతి కంపించే దిశ) జారుతుంది, కెమెరాలో పరమాణువుల మబ్బు ఒక పక్కకి ఒరిగి చిక్కిపోతుంది, ఇక ఆ దిశని సరిచేసే వేవ్‌ప్లేట్ తిప్పుతూ కూర్చోవాలి. ఫ్రాన్స్‌లో మ్యూక్వాన్స్ కంపెనీ వాళ్లు లేజర్లతో సహా గ్రావిమీటర్ (గురుత్వాకర్షణ కొలిచే యంత్రం) చేస్తే దాన్ని ఎట్నా అగ్నిపర్వతం మీద కూడా నడిపారు, నిజమే, కానీ అది ఒకే పని చేసే యంత్రం. ప్రయోగం నెలకోలా మారే ల్యాబ్‌కి ఆ పద్ధతి ఇంకా కుదరదు.

నాకు బాగా బాధ కలిగించింది మాత్రం వేరే. సెల్ లోపల రుబీడియం వదిలే డిస్పెన్సర్‌లో సరుకు అయిపోతే సెల్ తెరిచి మార్చలేం. మా మొదటి సెల్‌కి డిస్పెన్సర్ కరెంటు పెంచుతూ పెంచుతూ నెట్టుకొచ్చాం, చివరికి ఎంత పెంచినా మబ్బు నిండలేదు. కొత్తది వచ్చేదాకా నెలల పాటు ఇద్దరు విద్యార్థుల థీసిస్ పని ఆగిపోయింది. ఇప్పుడు వాక్యూమ్‌ని నిలబెట్టే అయాన్ పంప్ రీడింగ్, డిస్పెన్సర్ కరెంటు, ఇంట్లో పెద్దవాళ్ల బీపీ రాసుకున్నట్టు రోజూ పుస్తకంలో రాస్తున్నాం. పంప్‌కి విడిగా యూపీఎస్ కూడా పెట్టాం, కరెంటు పోతే వాక్యూమ్ పాడవకుండా.

2023లో ఆమోదించిన 6,003 కోట్ల నేషనల్ క్వాంటమ్ మిషన్ డబ్బుతో ఇప్పుడు కొనేవాళ్లు మొదటి ఆర్డర్‌లోనే రెండో సెల్ కూడా రాయించండి. అది కుదరకపోతే, మార్చి ఇవ్వడానికి ఎన్ని వారాలు పడుతుందో కొటేషన్‌లోనే రాతపూర్వకంగా తీసుకోండి.